‘సేఫ్టీ లాస్ట్’ అంటే గడియారం ఒక్కటేనా? ఆ దుకాణం సంగతి ఎవరూ మాట్లాడరేం?

పాతరీలు

హెరాల్డ్ లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్’ (1923) పేరెత్తితే చాలు, ఎక్కడ చూసినా అదే బొమ్మ. కళ్లజోడు కుర్రవాడు ఎత్తైన భవనం మీద గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతుంటాడు. జనం ఆ రెండు నిమిషాల ముక్క ఫోనులో చూసి, సినిమా మొత్తం చూసేశామని అనుకుంటున్నారు. మొన్న ఇంట్లో పిల్లలకు చూపిద్దామని కూర్చుంటే మా మేనల్లుడు సగానికి పైగా దాటించేసి నేరుగా గోడ దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ కాసేపు చూసి, “ఇదంతా ట్రిక్కే కదా మామయ్యా, నిజంగా ఎక్కలేదు” అని తేల్చి పారేశాడు.

నాకు రెండు విషయాల్లో బాధ. ఒకటి, ఎక్కే ఘట్టం వచ్చేది చివరి ఇరవై నిమిషాల్లోనే. అంతకు ముందున్నదంతా డిపార్ట్‌మెంట్ స్టోర్. పల్లెటూరి నుంచి వచ్చి బట్టల కౌంటర్ దగ్గర వారానికి 15 డాలర్లకు నిలబడే గుమాస్తా బతుకు అది. దాన్ని కోసేస్తే గోడ మీద వేలాడేది ఎవరో, ఎందుకో మనకేం తెలుస్తుంది? రెండోది, ట్రిక్కు అని తెలిసినంత మాత్రాన దాని విలువ తగ్గిపోతుందా? మీరు ఏమంటారు?

మూడోఅంతస్తు

మీ మేనల్లుడిని అనకండి. నేనూ మొదటిసారి గడియారం ముక్క చూసే ఈ సినిమాలోకి వచ్చాను. ఆ ముక్కే లేకపోతే వందేళ్ల నాటి మూగ సినిమాను ఈ రోజు ఎవరు వెతుక్కుంటారు?

కొబ్బరితోట

దుకాణం భాగం నాకు సాగదీసినట్టే అనిపించింది. దుకాణంలో హాస్యం కావాలంటే చాప్లిన్ ‘ది ఫ్లోర్‌వాకర్’ (1916) చూడండి. మ్యూచువల్ సంస్థకు ఆయన తీసిన మొదటి సినిమా. రెండు రీళ్లే. ఆ కదిలే మెట్ల మీద పైకి పరిగెత్తి ఉన్నచోటే ఉండిపోవడం ఒక్కటి చాలు, దుకాణం మొత్తం నవ్వుల పాలవుతుంది. లాయిడ్‌కు అదే పని చేయడానికి గంట పట్టింది.

పాతరీలు

కొబ్బరితోట గారు, ‘ఫ్లోర్‌వాకర్’ నాకూ ఇష్టమే. చాప్లిన్, సహనటుడు లాయిడ్ బేకన్ ఇద్దరూ ఎదురుపడి అద్దంలో చూసుకుంటున్నామని భ్రమపడే ఘట్టం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ అక్కడ చాప్లిన్ దుకాణంలోకి బయటి నుంచి వచ్చి పడిన మనిషి. వస్తువులు తారుమారు చేస్తాడు, తన్నులు తప్పించుకుంటాడు, అంతే. లాయిడ్ ఆ దుకాణంలో జీతగాడు. సూపర్‌వైజర్ కన్నెర్ర చేస్తే కూడు పోతుంది. ఆ తేడా పెద్దదే కదా?

వస్త్రశాల

ఈ చర్చలో నేను మాట్లాడక తప్పదు. విజయవాడలో ఒక పెద్ద బట్టల దుకాణంలో చీరల విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. ఆషాఢం తగ్గింపు ధరల రోజుల్లో షట్టరు పైకి లేచీ లేవకముందే జనం లోపలికి తోసుకొచ్చేవారు. ఈ సినిమాలో తగ్గింపు అమ్మకం ఘట్టం చూసినప్పుడు నవ్వు ఒక పక్క, ఒళ్లు జలదరింపు ఒక పక్క.

ఆ ఘట్టంలో హెరాల్డ్ చేతులను గమనించండి. ఒకామె చూపిన తానును తీసేలోపు ఇంకొకామె ఇంకో తాను లాగుతుంది. విప్పిన గుడ్డ కౌంటరు మీద కొండలా పెరుగుతుంది. అతను ఒక చేత్తో కొలుస్తూ, రెండో చేత్తో ఇంకెవరి చేతిలోనుంచో గుడ్డ వెనక్కి లాక్కుంటూ, ముఖం మాత్రం నవ్వుతూనే ఉంచుతాడు. ఆ నవ్వు నేర్పితే వచ్చేది కాదు, ఉద్యోగం పోతుందనే భయం నుంచి వస్తుంది. మేమూ అలాగే నవ్వేవాళ్లం. వంద చీరలు విప్పించి, చివరికి “రేపు వస్తాంలెండి” అని లేచిపోతే, ఆ వంద చీరలూ మడత పెట్టేటప్పుడు కూడా అదే నవ్వు.

ఆ గుంపులో అతని కోటు చిరిగి పీలికలవుతుంది. వెంటనే సూపర్‌వైజర్ స్టబ్స్ వచ్చి, కోటు లేకుండా కౌంటరు దగ్గర ఎలా నిలబడ్డావని మేనేజరు దగ్గరికి లాక్కెళ్తాడు. కోటు ఎందుకు చిరిగిందని అడిగేవాడు లేడు. కొబ్బరితోట గారికి సాగదీతగా కనిపించింది, నాకు మాత్రం ఒక్క క్షణం కూడా ఎక్కువ అనిపించలేదు.

గణితం

వంద చీరలు విప్పించి ఒక జేబురుమాలు కొనుక్కుపోయేవారు మా ఇంట్లోనే ఉన్నారు. వస్త్రశాల గారు, మా అమ్మ తరఫున క్షమించండి.

వస్త్రశాల

జేబురుమాలైనా కొన్నారు కదా. ఆమెకు నా నమస్కారాలు చెప్పండి.

తెరవెనుక

పాతరీలు గారి రెండో ప్రశ్నకు వస్తాను. “ట్రిక్కు” అన్నమాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఏది నిజం, ఏది కాదో విడివిడిగా చెబుతాను.

ఈ సినిమాలో వెనక తెర మీద బొమ్మ వేసి తీసిన షాట్లు లేవు. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున నిజమైన భవనాల పైకప్పుల మీద, అంచుకు దగ్గరగా, గోడ ముక్క ఒకటి కట్టారు. కెమెరాను ఎత్తైన మంచె మీద పెట్టి, గోడా దాని పక్కనుంచి కింద నిజమైన వీధీ రెండూ ఒకే చట్రంలో కనిపించేలా చూశారు. హెరాల్డ్ పైకి వెళ్లినకొద్దీ ఇంకా ఎత్తైన భవనానికి మారి, మళ్లీ అలాంటి గోడే కట్టి తీశారు. అందుకే అంతస్తు మారినప్పుడల్లా కింద వీధి ఇంకా లోతుకు పోతుంది. కింద కనిపించే ట్రాములు, కార్లు, మనుషులు అందరూ ఆ రోజు తమ పని మీద తాము పోతున్న నిజమైన నగరమే.

లాయిడ్ కింద కొన్ని అడుగుల దూరంలో పరుపులు పరిచిన వేదిక ఉండేది. అది కెమెరాకు కనిపించదు. కానీ దానికి చుట్టూ కంచె లేదు. ఒకసారి పరీక్షకు ఒక బొమ్మను దాని మీద పడేస్తే అది ఎగిరి వీధిలోకి పోయిందని లాయిడే చెప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా ఎక్కాడు.

ఇక దూరం నుంచి, భవనం మొత్తం కనిపించేలా తీసిన షాట్లలో ఎక్కేది బిల్ స్ట్రోథర్. సినిమాలో హెరాల్డ్ స్నేహితుడు కుంటి బిల్‌గా నటించింది అతనే. కొన్ని ప్రమాదకరమైన చోట్ల హార్వీ ప్యారీ అనే స్టంట్ కళాకారుడు చేశాడు. ఆ సంగతి 1971లో లాయిడ్ మరణించాక గాని బయటికి రాలేదు. దగ్గరి షాట్లలో, గడియారం దగ్గర, ముఖం కనిపించే ప్రతిచోటా ఉన్నది లాయిడే.

కొబ్బరితోట

అంటే మేనల్లుడు చెప్పింది సగం నిజమేగా?

తెరవెనుక

సగం కాదు. ఒక మాట చెబుతాను, విన్నాక మీరే చెప్పండి. 1919 ఆగస్టులో ప్రచారం ఫోటోలు దిగుతూ, ఉత్తుత్తి బాంబు అనుకుని చేతిలో పట్టుకున్నది నిజంగా పేలింది. లాయిడ్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. కొంతకాలం చూపు కూడా పోయింది. ఆ తర్వాత తీసిన సినిమాల్లో ఆ చేతికి కృత్రిమ వేళ్లున్న తొడుగు వేసుకుని, ప్రేక్షకులకు తెలియకుండా నటించాడు. గడియారం ముల్లు పట్టుకున్న ఆ కుడిచేయి ఆ చెయ్యే. ఇప్పుడు మళ్లీ ఆ షాట్లు చూసి, ట్రిక్కు అనగలరేమో చెప్పండి.

కొబ్బరితోట

ఇది నాకు తెలియదు. ఈ రాత్రికే మళ్లీ చూస్తాను. దుకాణం మాత్రం ఇప్పటికీ సాగదీతే.

నిర్మల_గుంటూరు

మా నాయనమ్మకు చూపించాను నేను. ఆమెకు ఇంగ్లీషు రాదు. మధ్యలో వచ్చే అక్షరాల పలకలు తెలుగులో చదివి చెబుదామని పక్కనే కూర్చున్నాను. కాసేపటికి “నువ్వు ఊరుకోవే, నాకు అర్థమవుతూనే ఉంది” అని కసిరింది.

నాయనమ్మను ఎక్కువ నవ్వించింది గోడ కాదు, అద్దె గది. ఇంటావిడ అద్దె కోసం తలుపు తీసుకుని వస్తుంటే హెరాల్డ్, బిల్ ఇద్దరూ గోడకు తగిలించిన తమ కోటుల్లోకి దూరి, కాళ్లు పైకి ముడుచుకుని వేలాడతారు. ఇంటావిడ గది అంతా చూసి, రెండు కోట్లు తప్ప ఎవరూ లేరని వెళ్లిపోతుంది. నాయనమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, “అద్దె కట్టలేనివాడి బాధ అలాగే ఉంటుంది” అంది. పాతరీలు గారు అడిగింది ఇదే కదా? గోడ ఎక్కకముందే అతను గోడకు వేలాడాడు.

పాతరీలు

నిర్మల గారు, మీ నాయనమ్మ గారికి నా తరఫున దండం పెట్టండి. ఆ చివరి వాక్యం నాకు ఎప్పుడూ తట్టలేదు. గదిలో అద్దెకు భయపడి వేలాడతాడు, చివర్లో దుకాణం మేనేజరు ఇస్తానన్న వెయ్యి డాలర్ల కోసం వేలాడతాడు. రెండూ డబ్బు లేకనే.

నగ కొనే ఘట్టం కూడా అంతే. ఊళ్లో ఉన్న అమ్మాయికి తాను పెద్ద ఉద్యోగంలో ఉన్నానని ఉత్తరాలు రాస్తూ, ఆమె కోసం గొలుసు కొంటాడు. భోజనానికి ఉంచుకున్న చిల్లర లెక్కపెట్టి ఇస్తుంటే, ఒక్కొక్క నాణెం చేయి దాటినప్పుడల్లా అతని కళ్లముందున్న భోజనంలో ఒక్కొక్క వంటకం మాయమైపోతుంది. ఆకలినీ ప్రేమనూ ఒక్క మాట లేకుండా ఒకే షాట్‌లో చూపించాడు.

చిత్రసమీక్ష

ఆ నగల దుకాణం దగ్గర నాకు ఒక అభ్యంతరం ఉంది, ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. ఆ దుకాణదారును యూదుడిగా, చేతులు నలుపుకుంటూ డబ్బు కోసం వెంపర్లాడేవాడిగా చూపించారు. అప్పటి అమెరికా రంగస్థలం మీద అలాంటి వేషాలు మామూలే కావచ్చు, చూస్తుంటే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. పిల్లలకు చూపించేవారు ఆ ఘట్టం దగ్గర ఆగి ఒక మాట చెప్పాలి. మంచి సినిమా అని దీన్ని దాచనక్కర్లేదు.

పాతరీలు

ఒప్పుకుంటున్నాను. భోజనం మాయమయ్యే ఆలోచన ఎంత గొప్పదో, పక్కనున్న ఆ వేషం అంత చవకబారుది. మేనల్లుడితో ఆ మాట మాట్లాడతాను.

లాంగ్‌బీచ్_తెలుగు

నేను ఉండేది లాస్ ఏంజెలెస్‌కు దగ్గర్లోనే. అక్కడి బ్రాడ్‌వే, స్ప్రింగ్ వీధుల్లో ఈ సినిమా తీసిన కాలం నాటి భవనాలు కొన్ని ఇంకా ఉన్నాయి. మా అబ్బాయిని తీసుకుని ఒక ఆదివారం బ్రాడ్‌వే దక్షిణం వైపు నడిచాం. సినిమాలో వీధి కోణం ఎటు తిరుగుతుందో ఫోనులో ఆపి చూస్తూ, తల ఎత్తి పైకప్పులు చూస్తూ. గడియారం ఘట్టానికి గోడ కట్టింది అటువైపు భవనం మీదే. మెడ నొప్పి పుట్టింది గాని, తెరవెనుక గారు చెప్పిన “ఎత్తు మారినకొద్దీ భవనం మారడం” అక్కడ నిలబడితే కళ్లకు కడుతుంది. ఒకే గోడ అనుకుని చూసిన సినిమా నాలుగైదు వీధులకు పంచుకుపోయింది.

కింద నిలబడి చూస్తే మనకు అంత భయం వేయదు. భయమంతా పైనుంచి కిందికి చూసే కెమెరాలో ఉంది.

మూడోఅంతస్తు

లాంగ్‌బీచ్ గారు అదృష్టవంతులు. నాకు మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు బాల్కనీ నుంచి కిందికి చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

తెరవెనుక

స్ట్రోథర్ గురించి ఇంకొంచెం. ఈ సినిమా పుట్టిందే అతని వల్ల. అప్పట్లో అమెరికాలో భవనాల గోడలు ఎక్కి జనాన్ని పోగేసేవారిని ‘మానవ సాలీడు’ అనేవారు. దుకాణాల ప్రచారానికి, విరాళాల సేకరణకు అలాంటివాళ్లను పిలిచేవారు. కాబట్టి సినిమాలో మేనేజరు “దుకాణానికి జనాన్ని రప్పించే ఉపాయం చెప్పినవారికి వెయ్యి డాలర్లు” అనడం, దానికి గోడ ఎక్కే ఉపాయం దొరకడం గాలిలోంచి పుట్టిన కల్పన కాదు.

లాయిడ్ ఒకరోజు లాస్ ఏంజెలెస్‌లో వెళ్తూ స్ట్రోథర్ ఒక భవనం ఎక్కడం చూశాడు. చూడలేక పక్క సందు తిరిగిపోయి, మళ్లీ మళ్లీ తొంగిచూశాడట. ఆ మనిషి పైకి చేరాక వెళ్లి పరిచయం చేసుకుని సినిమాలోకి తీసుకున్నాడు. చిత్రీకరణ మొదలయ్యేనాటికి స్ట్రోథర్ కాలు విరిగింది. పాత్ర పేరుకు ‘కుంటి’ అని తగిలించింది అందుకే.

పాతరీలు గారి వాదానికి కొంచెం ఇబ్బంది కలిగించే విషయం ఇంకొకటి ఉంది. వాళ్లు ముందుగా తీసింది ఎక్కే ఘట్టమే. మిగతా కథ, దుకాణం, అమ్మాయి, స్టబ్స్, అవన్నీ ఆ తర్వాత తీశారు.

కొబ్బరితోట

చూశారా! దుకాణం తర్వాత అతికించిందేనన్నమాట. నేను మొదటి నుంచీ అదే అంటున్నాను.

వస్త్రశాల

కొబ్బరితోట గారు, నాకు ఇందులో సరిగ్గా దానికి ఎదురు అర్థం కనిపిస్తోంది. చేతిలో అంత గొప్ప ఘట్టం తయారుగా ఉండి కూడా, దాన్ని ఒక్కదాన్నే విడుదల చేయలేదు. ఈ మనిషి ఎందుకు ఎక్కుతున్నాడు, ఎక్కకపోతే ఏం పోగొట్టుకుంటాడు అని వెనక్కి వెళ్లి వెతికారు. వెతికితే వాళ్లకు దొరికింది దుకాణం గుమాస్తా. రాజకుమారుడు కాదు, సర్కసువాడు కాదు. కౌంటరు వెనక నిలబడేవాడు.

ఆ గుమాస్తాకు గోడ ఎక్కడం రాదు. ఎక్కాల్సింది బిల్. కానీ ముందొకసారి బిల్ వెనక్కి తోసిన పోలీసు సరిగ్గా ఆ రోజు అక్కడికి వచ్చి కూర్చున్నాడు. “ఒక్క అంతస్తు నువ్వు ఎక్కు, రెండో అంతస్తు కిటికీ దగ్గర నీ టోపీ, కోటు నేను వేసుకుంటాను” అంటాడు బిల్. అక్కడికి చేరేసరికి పోలీసు బిల్ వెంటపడి ఉంటాడు. “ఇంకొక్క అంతస్తు.” మళ్లీ ఇంకొక్కటి. దుకాణంలో పనిచేసినవారెవరికైనా ఆ మాట పరిచయమే. “ఇంకొక్క గంట ఉండు, పండగ కదా.” “ఈ ఒక్క ఆదివారం రా, వచ్చేవారం సెలవు ఇస్తాను.” అలాగే ఏడాది గడిచిపోతుంది.

నిర్మల_గుంటూరు

వస్త్రశాల గారు, ఇది చదివాక నాకు ఆ “ఇంకొక్క అంతస్తు” దగ్గర ఇకమీదట నవ్వు వస్తుందో రాదో తెలియదు.

వస్త్రశాల

నవ్వాలండి. నేను నవ్వుతాను. దుకాణంలో పనిచేసేవారు చూస్తే ఇంకా ఎక్కువ నవ్వుతారు. మా పాత సహోద్యోగులు కొందరికి చూపించాను. గుంపులో చిక్కుకున్న ముసలావిడకు సరుకు అందించడానికి హెరాల్డ్ “50 డాలర్ల నోటు ఎవరిది, కింద పడింది!” అని అరుస్తాడు. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నేల వెతకడానికి వంగితే వాళ్ల తలల మీదుగా పొట్లం అందించేస్తాడు. ఆ క్షణాన మావాళ్లు చప్పట్లు కొట్టారు. “ఈ ఉపాయం మనకెందుకు రాలేదు” అని ఒకరు నిజంగానే బాధపడ్డారు.

గణితం

వచ్చే ఆషాఢానికి అన్ని దుకాణాల్లోనూ ఇదే అరుపు వినబడితే పూచీ వస్త్రశాల గారిదే.

చిత్రసమీక్ష

నిలబడటం గురించి ఒక విషయం. ఈ సినిమాలో గుమాస్తాలకు కుర్చీలు కనిపించవు, ఎవరూ కూర్చోరు. మన దేశంలో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు అని చట్టంలో రాసుకోవడానికి కేరళలో 2018 దాకా, తమిళనాడులో 2021 దాకా పట్టింది. బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు పోరాడితే వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి స్పష్టమైన హక్కు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. వస్త్రశాల గారి కాళ్లు ఎలా ఉండేవో అడగను గాని ఊహించగలను.

వస్త్రశాల

రాత్రి ఇంటికి వెళ్లి గోడకు కాళ్లు ఎత్తిపెట్టి పడుకునేవాళ్లం. అంతకన్నా చెప్పను, సినిమా దారి తప్పుతుంది. అడిగినందుకు సంతోషం.

మూడోఅంతస్తు

ఎక్కేటప్పుడు వచ్చే ఆటంకాల్లో మీకు ఏది ఇష్టం? నాకు పావురాలు. గింజలు మీద పడటం, ఒక్కసారిగా పావురాలన్నీ భుజాల మీద, తల మీద వాలడం. రెండు చేతులూ గోడ పట్టుకుని ఉన్నాయి, తోలలేడు.

నిర్మల_గుంటూరు

కిటికీలోంచి తల బయటపెట్టిన ముసలావిడ. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వేలాడుతున్నవాడితో “పడితే దెబ్బ తగులుతుంది నాయనా” అన్న ధోరణిలో బుద్ధి చెబుతుంది.

లాంగ్‌బీచ్_తెలుగు

ప్యాంటులోకి దూరిన ఎలుక. అంచు మీద అతను ఎగిరెగిరి కాళ్లు విదిలిస్తుంటే కింద జనం అదంతా ప్రదర్శనలో భాగమనుకుని ఆనందిస్తారు.

పాతరీలు

నాకు గడియారమే, దాచడం ఎందుకు. కాకపోతే ఫోటోలో కనిపించని భాగం. నిమిషాల ముల్లు పట్టుకుంటాడు, అది అతని బరువుకు మెల్లగా కిందికి దిగుతుంది. హమ్మయ్య, నిలిచింది అనుకునేలోపు గడియారం ముఖం మొత్తం పైన ఊడి ముందుకు వాలుతుంది, లోపలి స్ప్రింగులతో సహా. ఫోటోలో అతను వేలాడుతూ స్థిరంగా ఉంటాడు. సినిమాలో ఒక్క క్షణం కూడా స్థిరంగా లేడు. పట్టుకున్న ప్రతిదీ చేతిలోకి ఊడి వస్తుంది. ఫోటో మాత్రమే చూసినవారికి ఆ సంగతి అందదు.

కొబ్బరితోట

రాత్రి మళ్లీ చూశాను. ఈసారి దాటించకుండా.

కుడిచేయి మీదనుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. తొడుగు ఎక్కడా తెలియదు. కానీ బరువంతా ఎడమచేతి మీద ఎక్కువ పడేలా చూసుకుంటున్నాడేమో అని వెతుకుతూ చూశాను, అదీ తెలియనివ్వలేదు. తెరవెనుక గారికి కృతజ్ఞతలు.

దుకాణం విషయంలో నా మాట పూర్తిగా మారలేదు. అమ్మాయి ఊరి నుంచి వచ్చాక అతను మేనేజరుగా నటిస్తూ గది గదికీ తిప్పే భాగం ఇంకా పొడవుగానే అనిపించింది. కానీ మేనేజరు కుర్చీలో కూర్చుని స్టబ్స్‌ను గద్దిస్తాడు చూడండి, తాను అతన్ని చూడకుండా, అతను తనను గుర్తుపట్టకుండా. అక్కడ మాత్రం వస్త్రశాల గారు గుర్తొచ్చి గట్టిగా నవ్వాను.

పాతరీలు

ఇంతకన్నా నాకేం కావాలి! మేనేజరు వేషం కొంచెం తగ్గించవచ్చని నేనూ ఒప్పుకుంటాను.

లాంగ్‌బీచ్_తెలుగు

అమ్మాయిగా వేసిన మిల్‌డ్రెడ్ డేవిస్‌ను లాయిడ్ ఆ సినిమా విడుదలయ్యే ఏడాదే, 1923 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నాడు. ఏప్రిల్‌లో సినిమా వచ్చింది.

చిత్రసమీక్ష

ఒక సందేహం. చాప్లిన్ పేరు మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. లాయిడ్ బొమ్మ చూసి గుర్తుపట్టేవారికి కూడా పేరు తెలియదు. ఎందుకంటారు? ఆ రోజుల్లో అతనికీ చాప్లిన్‌తో సమానంగా ఆదరణ ఉండేది కదా.

తెరవెనుక

ఒక ముఖ్య కారణం, తన సినిమాల హక్కులు అతనే దగ్గర పెట్టుకున్నాడు. టెలివిజన్‌కు సులువుగా ఇవ్వలేదు. ప్రకటనల కోసం మధ్యమధ్యలో ఆపేస్తారని, ఇష్టం వచ్చినట్టు కోస్తారని అతని భయం. దాంతో 1950, 60ల్లో పెరిగిన తరానికి అతని సినిమాలు కనిపించకుండా పోయాయి. 1943లో అతని ఇంట్లో ఫిల్ములు దాచిన గదిలో మంటలు చెలరేగి తొలినాళ్ల చిత్రాలు ఎన్నో కాలిపోయాయి కూడా. 1962లో తన సినిమాల ముక్కలు కూర్చి తానే ఒక సంకలనం విడుదల చేశాడు. ‘సేఫ్టీ లాస్ట్’ను అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చింది 1994లో. 2019 నుంచి అమెరికాలో దానికి కాపీహక్కు లేదు, ఎవరైనా చూపించుకోవచ్చు.

కోస్తారని భయపడి దాచుకున్న మనిషి సినిమా ఇప్పుడు రెండు నిమిషాల ముక్కగా తిరుగుతోంది. పాతరీలు గారి కోపం నాకు అర్థమైంది అందుకే.

మూడోఅంతస్తు

లాయిడ్ ఇలాంటి గోడ ఎక్కే సినిమా ఇంకోటి మాటలతో కూడా తీశాడని విన్నాను. అది ఎలా ఉంటుంది?

తెరవెనుక

‘ఫీట్ ఫస్ట్’ (1930). అందులో చెప్పుల దుకాణంలో ఉద్యోగి. తపాలా సంచిలో ఇరుక్కుపోయి, ఆ సంచి రంగులు వేసేవాళ్ల పలక మీదికి చేరి, భవనం పైకి లాగబడతాడు. సాంకేతికంగా ఏ లోటూ లేదు, కొన్ని పట్లు ఇంకా ప్రమాదకరమైనవి. అయినా చూస్తుంటే కడుపులో తిప్పుతుంది గాని నవ్వు అంతగా రాదు. అతని మూలుగులు, “కాపాడండి” అన్న అరుపులు చెవిన పడుతుంటాయి. మూగ సినిమాలో సంగీతం ఆ భయాన్ని మోసేది.

పాతరీలు

శబ్దం ఒక కారణం, ఒప్పుకుంటాను. నాకు దానికన్నా పెద్ద కారణం తపాలా సంచి. అక్కడ అతను ఎక్కాలని అనుకోలేదు, సంచిలో ఉండగా ఎవరో పైకి లాగేశారు. ‘సేఫ్టీ లాస్ట్’లో మొదటి అంతస్తు తానే ఎంచుకుని ఎక్కాడు. అమ్మాయికి చెప్పిన అబద్ధం, మేనేజరుకు ఇచ్చిన మాట, బిల్‌కు ఇస్తానన్న 500 డాలర్లు, అవన్నీ మెడలో వేసుకుని ఎక్కాడు.

కొబ్బరితోట

‘ఫీట్ ఫస్ట్’లో కూడా దుకాణం ఉంది కదా మరి? మీ లెక్క ప్రకారం అదీ బాగుండాలి.

పాతరీలు

దుకాణం ఉంది, కానీ గోడకూ దానికీ ముడి లేదు. అక్కడి నుంచి ఓడ ఎక్కి ఎక్కడికో వెళ్లిపోతుంది కథ. దుకాణం ఉంటే చాలని నేను అనలేదు. ఆ దుకాణమే అతన్ని తన గోడ మీదికి ఎక్కించాలి. ‘సేఫ్టీ లాస్ట్’లో అతను కింద కౌంటరు దగ్గర నిలబడే భవనమూ, పైకి ఎక్కే భవనమూ ఒకటే.

వస్త్రశాల

అవును. కింద స్టబ్స్, పైన పావురాలు.

కొబ్బరితోట

ఆ ముడి సంగతి ఒప్పుకుంటాను. ‘ఫీట్ ఫస్ట్’ కూడా మొత్తం చూసి వచ్చి మాట్లాడతాను. ఈలోగా పాతరీలు గారు ‘ఫ్లోర్‌వాకర్’ మేనల్లుడికి చూపించాలి, ఇది నా షరతు. రెండు రీళ్లే కాబట్టి దాటించడానికి అవకాశం ఉండదు.

పాతరీలు

సరే. శనివారం రాత్రి ముందు ‘ఫ్లోర్‌వాకర్’, తర్వాత ‘సేఫ్టీ లాస్ట్’ మొదటి నుంచి. రిమోటు నా చేతిలో ఉంటుంది. సంగీతం విషయంలో ఒక సలహా కావాలి. కార్ల్ డేవిస్ కూర్చిన వాద్యబృందం సంగీతంతో ఉన్న ప్రతి మంచిదా, ఇంకేదైనా ఉందా?

తెరవెనుక

కార్ల్ డేవిస్‌దే పెట్టండి. గోడ దగ్గర వాద్యబృందం మొత్తం పైకి లేస్తుంది, శబ్దం కొంచెం పెంచుకోండి. ముద్రణ మసకగా ఉన్న ఉచిత ప్రతులు వద్దు. వాటిలో కింద వీధి బూడిదరంగు ముద్దగా కనిపిస్తుంది, ట్రాములు కనబడకపోతే ఎత్తు తెలియదు.